విక్కా, మంత్రవిద్యల పుస్తకాలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు పాఠకుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు. విక్కా మీద ఆసక్తితో చదివేవాళ్లకీ, చరిత్ర కోసం చదివేవాళ్లకీ, అసలు ఇదేంటో చూద్దామనుకునేవాళ్లకీ పనికొస్తాయి.

విక్కా అంటే మన చేతబడేనా?

కాదు. విక్కా 20వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో రూపం దిద్దుకున్న మతం. దాన్ని బయటి లోకానికి తెచ్చినవాడు గెరాల్డ్ గార్డ్‌నర్. సిలోన్ తోటల్లోనూ, ఆ తర్వాత మలయాలో కస్టమ్స్ శాఖలోనూ పనిచేసి, రిటైరై ఇంగ్లండు చేరినవాడు. 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. 1954లో గార్డ్‌నర్ 'విచ్‌క్రాఫ్ట్ టుడే' వెలువరించాడు. విక్కాలో ఒక దేవి, ఒక దేవుడు ఉంటారు. పౌర్ణమి పూజలు, ఏడాదికి 8 పండుగలు ఉంటాయి. ఎవరికీ హాని జరగనంతవరకు నీ ఇష్టం వచ్చినట్టు నడుచుకో అన్నది వాళ్ల నియమం.

మన దగ్గర చేతబడి, చిల్లంగి, బాణామతి అనేవి దాదాపు ఎప్పుడూ ఒకరు ఇంకొకరి మీద వేసే నిందలే. "నేను చిల్లంగి చేస్తాను" అని ఎవరూ చెప్పుకోరు. విక్కా వాళ్లయితే తమ మతం ఇదని తామే చెప్పుకుంటారు. ఒకదాని గురించి రాసిన పుస్తకంలో రెండోదాని జవాబులు వెతికితే డబ్బు, కాలం రెండూ పోతాయి.

కొట్లో అన్నీ ఒకే వరసలో పెడతారు. ఏ పుస్తకం ఏ రకమో ఎలా తెలుస్తుంది?

నాలుగు రకాలుంటాయి: ఎలా చెయ్యాలో చెప్పే ఆచరణ పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు, మనుషుల మధ్య ఉండి పరిశోధించి రాసినవి, కల్పన. వెనక అట్ట చదివితే తేలదు, అక్కడ అందరూ ఒకే మాట రాస్తారు. విషయసూచిక తెరవండి. "పీఠం ఏర్పాటు", "వలయం గీయడం", "పౌర్ణమి పూజ" లాంటి అధ్యాయాలుంటే ఆచరణ. ఊళ్లు, సంవత్సరాలు, కోర్టు విచారణలు కనిపిస్తే చరిత్ర. వెనక పదాల సూచీ, అధస్సూచికలు ఉంటే రాసినవాళ్లు లెక్క అప్పజెప్పడానికి సిద్ధపడ్డారన్నమాట.

ఎక్కువమంది ఇబ్బంది పడేది మొదటి రకంతో. ఆచరణ పుస్తకాల్లో మొదటి అధ్యాయం సాధారణంగా "మన చరిత్ర" అని ఉంటుంది, పుస్తకం మొత్తానికి బలహీనమైన భాగం అదే. పూజావిధానం బాగుందని ఆ చరిత్రని కూడా నమ్మేస్తారు. లేదా చరిత్ర తప్పని తెలిసి పుస్తకాన్నే విసిరేస్తారు. రెండూ వద్దు.

కొనే ముందు పుస్తకాన్ని పది నిమిషాల్లో పరీక్షించే దారి ఉందా?

ఉంది. చరిత్ర అధ్యాయం తెరిచి ఈ ఐదు విషయాలు చూడండి.

సేలం గురించి ఏం రాశారు? అమెరికాలోని సేలంలో 1692లో మంత్రగత్తెలని కాల్చేశారని రాస్తే తప్పు. అక్కడ 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ని రాళ్ల బరువు కింద నలిపి చంపారు, కొందరు జైల్లో పోయారు. ఒక్కరినీ కాల్చలేదు.

ఐరోపాలో మంత్రగత్తెల వేటలో ఎంతమంది చనిపోయారని చెప్పారు? 90 లక్షలు అని ఉంటే పుస్తకం మూసేయొచ్చు. ఆ అంకె 18వ శతాబ్దంలో ఒక జర్మన్ రచయిత కొద్దిపాటి లెక్కల్ని ఐరోపా అంతటికీ సాగదీసి వేసిన అంచనా నుంచి వచ్చింది. కోర్టు రికార్డులు తిరగేసిన చరిత్రకారులు ఇప్పుడు చెప్పేది 40,000 నుంచి 60,000 మధ్య. అదేమీ చిన్న సంఖ్య కాదు, పెంచి చెప్పాల్సిన అవసరం లేదు.

రాతియుగం నుంచి తెగకుండా వచ్చిన మతం అంటున్నారా? ఇది మార్గరెట్ మరే అనే ఈజిప్టు చరిత్ర పండితురాలు 1921లో చేసిన వాదన. విచారణల రికార్డుల్లో తనకి కావలసిన వాక్యాలు ఏరుకుని, గాల్లో ఎగరడం లాంటి అసంభవాల్ని వదిలేసి రాసిందని 1975లో నార్మన్ కోన్ పేజీలతో సహా చూపించాడు. మధ్యలో చాలా ఏళ్లు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో మంత్రవిద్య మీద వ్యాసం ఆవిడదే ఉండటంతో ఆ మాట అంతలా పాకింది.

మేబన్ (సెప్టెంబరు విషువత్తు పండుగ) ప్రాచీన కెల్ట్ పండుగ అంటున్నారా? ఆ పేరు 1970లలో అమెరికాలో పెట్టింది.

చివరిది: ఆధారాల జాబితా ఉందా? ఉంటే అందులో గత ముప్పయ్యేళ్ల పుస్తకం ఒక్కటైనా ఉందా?

1990కి ముందు వచ్చిన ఆచరణ పుస్తకం వీటిలో రెండు మూడు తప్పినా క్షమించొచ్చు, అప్పటికి ఆచరణ రచయితలు చాలామంది అదే నమ్మేవారు. 2000 తర్వాత రాసినవాళ్లకి ఆ సాకు లేదు.

ఒక్క పుస్తకమే కొనగలను. ఏది?

ఆచరణ కోసమైతే స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో రాసిన 'విక్కా: ఎ గైడ్ ఫర్ ద సాలిటరీ ప్రాక్టిషనర్'. గురువు, బృందం లేకుండా ఒంటరిగా చేసుకునేవాళ్ల కోసం రాశాడు. ఇంగ్లీషు తేలిక, ఇంటర్ చదివినవాళ్లకి అర్థమవుతుంది. పుస్తకం వెనక భాగంలో పూర్తి పూజావిధానం ఇచ్చాడు. లోపం చెప్పాలంటే, అంతా మెత్తగా, తీయగా ఉంటుంది. విక్కా బృందాల్లో దీక్షలు, మూడు మెట్లు, గోప్యత ఎలా ఉంటాయో దీన్నిబట్టి తెలియదు.

చదివి తెలుసుకోవడానికి మాత్రమే అయితే రొనాల్డ్ హటన్ 'ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్'. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం చరిత్రకారుడు, 1999లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది, 2019లో సవరించిన కూర్పు వచ్చింది. కొనేటప్పుడు సవరించినదే అడగండి. పుస్తకం లావు, గడ్డు. మొదటి సగం 19వ శతాబ్దపు ఇంగ్లీషు కవులు, జానపద పరిశోధకులు, రహస్య సంఘాల గురించి నడుస్తుంది. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఓపిక లేకపోతే గార్డ్‌నర్ అధ్యాయం దగ్గర మొదలుపెట్టి చివరికంటా చదివి, తర్వాత వెనక్కి రండి. పుస్తకం ఏమీ చెడదు.

ఆ తర్వాత ఏం చదవాలి? వరస చెప్పండి.

మూడోది మార్గో ఆడ్లర్ 'డ్రాయింగ్ డౌన్ ద మూన్'. ఆవిడ రేడియో విలేకరి. అమెరికా అంతా తిరిగి మనుషుల్ని అడిగి రాసింది. మొదట వచ్చింది 1979లో. 2006 కూర్పు తీసుకోండి, మధ్యలో మారినవన్నీ కలిపింది.

నాలుగోది డోరీన్ వాలియంటే 'ద రీబర్త్ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్', 1989. గార్డ్‌నర్ బృందంలో ప్రధాన పూజారిణిగా ఉండి, ఈనాటికీ విక్కా వాళ్లు చదివే దేవీస్తుతికి గద్యరూపం ఇచ్చింది ఆవిడే. గార్డ్‌నర్ ఇచ్చిన పాఠాల్లో ఏవి ఎక్కడినుంచి తెచ్చినవో గుర్తుపట్టి ఆయన్నే నిలదీసిన మనిషి. తన గురువుని అభిమానిస్తూనే లెక్క కచ్చితంగా చెప్పే రాత ఈ రంగంలో అరుదు, అందుకే ఈ పుస్తకానికి మా దగ్గర మార్కులు ఎక్కువ.

ఐదోది స్టార్‌హాక్ 'ద స్పైరల్ డాన్స్'. ఇది కూడా 1979దే, కానీ పదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ వచ్చిన కూర్పుల్లో రచయిత్రి తన పాత వాక్యాల మీద "ఇప్పుడు ఇలా అనను" అని వ్యాఖ్యలు చేర్చింది. ఆ వ్యాఖ్యల కోసమే 1999 కూర్పు కొనాలి.

బృందంగా చేసే పూజలు ఎలా ఉంటాయో చూడాలంటే జానెట్, స్టూవర్ట్ ఫారర్ దంపతుల పుస్తకాలున్నాయి. 1981లో ఒకటి, 1984లో ఒకటి వచ్చి, తర్వాత 'ఎ విచెస్ బైబిల్' పేరుతో ఒక్క సంపుటమయ్యాయి. ఇందులో విధానాలు స్త్రీ పురుష జంటలకోసం, బృందం కోసం రాసినవి. ఒంటరిగా చేద్దామని కొంటే సగం పేజీలు పనికిరావు.

నేరుగా గార్డ్‌నర్ పుస్తకాలతోనే మొదలుపెడితే?

వద్దు. ఎలా చెయ్యాలో ఆయన చెప్పడు. ప్రమాణం చేశాను, చెప్పకూడదు అంటూ చుట్టూ తిరుగుతాడు. మరే వాదనని పూర్తిగా నమ్మాడు, 'విచ్‌క్రాఫ్ట్ టుడే'కి ముందుమాట కూడా ఆవిడే రాసింది. హటన్ చదివాక చదివితే ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో కనిపిస్తూ ఉంటుంది, అప్పుడు రుచిగా ఉంటుంది.

రేమండ్ బక్లాండ్ పెద్ద నీలం పుస్తకం మంచిదేనా?

'కంప్లీట్ బుక్ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అనే ఆ పుస్తకం 1986లో వచ్చింది. 15 పాఠాలు, ప్రతి పాఠం చివర ప్రశ్నలు, రాసుకోవడానికి వీలైన పెద్ద సైజు. క్రమశిక్షణగా నేర్చుకునేవాళ్లకి బాగుంటుంది, పనిముట్ల వివరాలు బాగా ఇచ్చాడు. మొదటి పాఠంలోని చరిత్ర మాత్రం పాతదే. ఆ పాఠం దాటేసి రెండోదాని నుంచి మొదలుపెట్టండి.

మన దేశంలో ఎవరూ రాయలేదా?

కోల్‌కతాకి చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను విక్కా అనుసరించేదాన్నని బహిరంగంగా చెప్పుకుని, 'బిలవ్డ్ విచ్' పేరుతో ఆత్మకథ రాశారు. దాన్ని ఆత్మకథగానే చదవండి, అందులో పద్ధతులు వెతక్కండి.

తెలుగులో ఏం దొరుకుతాయి?

విక్కా మీద నేర్చుకోవడానికి ఫలానాది తీసుకోమని చేతికివ్వదగిన తెలుగు పుస్తకం లేదు. యూట్యూబ్ చూసి కుట్టిన అనువాదాల కంటే తేలిక ఇంగ్లీషులో ఉన్న అసలు పుస్తకమే నయం.

రాజమండ్రి ఆధ్యాత్మిక, జ్యోతిష, మంత్రశాస్త్ర పుస్తకాల ప్రచురణకి ఎప్పటినుంచో పేరుపడ్డ ఊరు. కోటగుమ్మం వైపు కొట్లలో యంత్రాలు, యక్షిణీ సాధనలు, ఇంద్రజాలం పేరున్న పుస్తకాలు వరసగా కనిపిస్తాయి. వాటికీ విక్కాకీ సంబంధం లేదు. అవి మన తంత్ర సంప్రదాయపు సంకలనాలు. వాటిలోనూ మంచి చెడు ఉంది. మూల శ్లోకం, దాని తాత్పర్యం, ఏ గ్రంథం నుంచి తీసుకున్నారో ఉన్నవి కొనొచ్చు. ఏ గ్రంథమో చెప్పకుండా "శత్రునాశనం 11 రోజుల్లో" అని రాసినవి కొనొద్దు.

అభిచారం (ఇతరులకి హాని తలపెట్టే మంత్రప్రయోగం) మన దగ్గర ఎంత పాతదో తెలుసుకోవాలంటే అధర్వణవేదం చూడాలి. దాశరథి రంగాచార్య నాలుగు వేదాల్నీ తెలుగులోకి తెచ్చారు. ఇంగ్లీషులో మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ 1897లో చేసిన అనువాదం ప్రత్యేకం. ఏ సూక్తాన్ని ఏ కర్మలో వాడేవారో ఆ వేదపు కర్మల గ్రంథమైన కౌశికసూత్రం నుంచి తీసి చూపించాడు. జ్వరానికి, పాముకాటుకి, సవతి పోరుకి, గొడవలో గెలవడానికి కూడా సూక్తాలున్నాయి.

నవలల సంగతి వేరు. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివి పెరిగిన తరానికి క్షుద్రవిద్య అనగానే ఆ బొమ్మే కళ్లముందుకొస్తుంది. నవలగా చదివితే చదవండి, సమాచారం కోసం కాదు.

మన గోదావరి ప్రాంతపు నమ్మకాల మీద ఏం చదవచ్చు?

హెమింగ్‌వే అనే ఐసీఎస్ అధికారి కూర్చిన గోదావరి జిల్లా గెజిటీర్, 1907. ఊళ్ల గ్రామదేవతలు, జాతరలు, ఏజెన్సీలో కోయల నమ్మకాలు ఉన్నాయి. ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో దక్షిణాది శకునాలు, మూఢనమ్మకాల మీద వేసిన పుస్తకంలో దిష్టి, తాయెత్తు, మంత్రగాళ్ల మీద విడివిడి అధ్యాయాలున్నాయి. హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల పుస్తకం 1916లో వచ్చింది, ఆయన మద్రాసు బిషప్పు. ఈ ముగ్గురి పుస్తకాల్లో సమాచారం విలువైనది, చూపు మాత్రం పాలకులది. ఎవరు చెబితే రాసుకున్నారో, ఏ భాషలో అడిగారో చాలాచోట్ల ఉండదు. మావుళ్ళమ్మ, మరిడమ్మ, నూకాలమ్మల గురించి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేది పక్కన పెట్టుకుని చదివితే ఎక్కడ తప్పారో మీకే తెలుస్తుంది.

పాత పుస్తకాలకి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ముందు అడగండి.

ఇంగ్లీషు పుస్తకాల్లోని 8 పండుగలు మన డెల్టాకి సరిపోతాయా?

సరిపోవు, అందుకు కారణం తెలుసుకుంటే పుస్తకం ఎంచుకోవడం తేలిక. ఆ 8 పండుగల్లో 4 సూర్యుడివి: రెండు అయనాంతాలు, రెండు విషువత్తులు. మిగతా 4 బ్రిటన్, ఐర్లండు పొలాలవి: ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1, అక్టోబరు 31 ప్రాంతంలో.

సూర్యుడి పండుగల తేదీలు ఇక్కడా అవే. కాకపోతే బలం తగ్గుతుంది. లండన్‌లో జూన్ నెలలో పగలు 16న్నర గంటలు, డిసెంబరులో 8 గంటలు కూడా ఉండదు. అందుకే అక్కడ "సూర్యుడు తిరిగి పుట్టాడు" అంటే ఒంటికి తెలుస్తుంది. మనకి సుమారు 13 గంటలు, 11 గంటలు. తేడా రెండు గంటలే.

పొలం పండుగలు పూర్తిగా తలకిందులు. ఆగస్టు 1 లామస్ కొత్త గోధుమల రొట్టె పండుగ. ఆ రోజుకి మన దగ్గర సార్వా ఊడ్పులు జరుగుతుంటాయి, గోదావరికి వరద, లంక గ్రామాల్లో పడవలు తిరుగుతుంటాయి. కోత పండుగ చేసుకోవాలంటే సార్వా మాసూళ్లు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్లో. మే 1న వాళ్లు చలి వదిలిందని మంటలు వేస్తారు. మనకి ఆ రోజుల్లో కాలువలు కట్టేసి, రోహిణి కార్తె కోసం భయపడుతూ ఉంటాం. ఫిబ్రవరి 1 మంచు కరిగి గొర్రెలు ఈనే కాలం వాళ్లకి, మనకి దాళ్వా పచ్చగా ఉంటుంది. అక్టోబరు 31 వాళ్లకి చీకటికాలం మొదలు, మనకి తుపాన్ల కాలం.

కాబట్టి పుస్తకంలో చూడాల్సింది: ఈ పండుగ ఎందుకు, ఏ పంటకి, ఏ వాతావరణానికి అని రచయిత చెప్పాడా? చెబితే మీ ఊరికి మార్చుకోవచ్చు. "ఈ రోజు నారింజ రంగు కొవ్వొత్తి, ఆపిల్ పళ్లు" అని మాత్రమే రాస్తే మార్చుకోవడానికి ఏమీ మిగలదు. ఆస్ట్రేలియా రచయితలవి కొంటే ఇంకో జాగ్రత్త. వాళ్లు తేదీల్ని ఆరు నెలలు తిప్పుతారు, వలయం గీసే దిశని కూడా కొందరు తిప్పుతారు. మనది ఉత్తరార్ధగోళమే కాబట్టి అవి మనకి వర్తించవు.

భోగి మంటకి యూల్ (డిసెంబరు అయనాంతం పండుగ) అని, దీపావళికి సామ్‌హెయిన్ (అక్టోబరు 31 పండుగ) అని పేరు మార్చి చూపించే పుస్తకాలు ఈమధ్య వస్తున్నాయి. రెండు సంప్రదాయాల్లో దేన్నీ సరిగా చదవనివాళ్లు రాసేవి అవి.

పౌర్ణమి సమయాలు అమెరికా ఆల్మనాక్‌లో చూడాలా, మన పంచాంగంలో చూడాలా?

పంచాంగమే మేలు. చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే క్షణం, పౌర్ణమి తిథి ముగిసే క్షణం ఒకటే. అమావాస్య తిథి ముగిసే క్షణమే వాళ్లు అమావాస్య అనేది. పంచాంగంలో తిథి అంత్య ఘడియలు చూస్తే చాలు. అమెరికా ఆల్మనాక్ వాడాల్సి వస్తే, తూర్పు తీరపు సమయానికి చలికాలంలో 10న్నర గంటలు, వాళ్లు గడియారం ముందుకు జరిపే ఎండాకాలంలో 9న్నర గంటలు కలపండి. చాలాసార్లు తేదీ మర్నాటికి మారుతుంది. ఇది మరిచిపోతే పౌర్ణమి పూజ అసలు సమయానికి ముందే జరిగిపోతుంది.

రాశుల దగ్గర మాత్రం రెంటినీ కలపకండి. "చంద్రుడు వృషభంలో ఉన్నప్పుడు" అని ఇంగ్లీషు పుస్తకం చెబితే అది సాయన లెక్క (విషువత్తు నుంచి కొలిచేది). మన పంచాంగం నిరయన లెక్క (స్థిర నక్షత్రాల నుంచి కొలిచేది). తేడా సుమారు 24 డిగ్రీలు. చంద్రుడు రోజుకి 13 డిగ్రీల చొప్పున నడుస్తాడు కాబట్టి దాదాపు రెండు రోజుల తేడా వస్తుంది.

దిక్కులు కూడా వేరేనా?

వేరే. విక్కా పుస్తకాల్లో ఉత్తరం భూమి, తూర్పు గాలి, దక్షిణం నిప్పు, పడమర నీరు. మన వాస్తులో నిప్పు ఆగ్నేయం, నీరు ఈశాన్యం, గాలి వాయవ్యం, భూమి నైరుతి. పడమర నీరు అనడం అట్లాంటిక్ పక్కన ఉన్నవాళ్లకి సహజంగా తోస్తుంది. అంతర్వేదిలో నిలబడితే సముద్రం అటు ఉండదు. ఏదో ఒక పద్ధతి పట్టుకుని దాంతోనే ఉండండి. ఒక పూజలో వాస్తు, ఇంకో పూజలో విక్కా అని కలిపితే పుస్తకంలో తర్వాతి మెట్లు ఏవీ అతకవు.

మూలికల పుస్తకం కొనాలి. ఏం చూడాలి?

మొదట లాటిన్ శాస్త్రీయనామం ఉందో లేదో చూడండి. లేకపోతే వదిలేయండి. ఉదాహరణకి కోరిక రాసి కాల్చమని చెప్పే బే ఆకు మధ్యధరా ప్రాంతపు చెట్టుది, ఆకు మధ్యలో ఒకే ఈనె ఉంటుంది. మన కిరాణా కొట్లో బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతిది, నిలువుగా మూడు ఈనెలు ఉంటాయి. కాల్చడానికి ఏదైనా ప్రమాదం లేదు గానీ, లోపలికి తీసుకునే మూలికల్లో ఇలాంటి పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

రెండోది, విషాల గురించి స్పష్టంగా చెప్పారా? "ఎగిరే లేపనం" అంటూ బెల్లడోనా, హెన్‌బేన్, ఉమ్మెత్త పేర్లు వేసి కొలతలిచ్చే పుస్తకాన్ని ఇంట్లో ఉంచకండి. ఉమ్మెత్త కాలవగట్టు మీద దొరుకుతుంది. దాని గింజల్లో అట్రోపిన్, స్కోపలమిన్ ఉంటాయి. నోరు ఎండిపోవడం, కనుపాపలు విచ్చుకోవడం, గుండె దడ, మతి తప్పడం, ఆ తర్వాత ఏమైనా కావచ్చు. ఇంత తింటే ఫర్వాలేదు అనే మోతాదు లేదు, ఒక్కో కాయలో విషం ఒక్కోలా ఉంటుంది. ఎవరైనా మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. పూజకి వాడేది నోట్లో పెట్టుకునేది కాదు.

అదే పత్రిలోని మాచిపత్రి, ఇంగ్లీషు పుస్తకాల్లో తరచుగా వచ్చే మగ్‌వర్ట్ ఒకే జాతివి. దిండు కింద పెట్టుకోవడం వరకు ఇబ్బంది లేదు. గర్భిణులు దాని కషాయం తాగకూడదు. ఈ హెచ్చరిక లేని మూలికల పుస్తకం మంచిది కాదు. పెన్నీరాయల్ నూనెని లోపలికి తీసుకోమనే పుస్తకమైతే అసలే వద్దు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నకిలీ వస్తోంది. ఎలా పట్టుకోవాలి?

ఐఎస్‌బీఎన్ లెక్క వేయండి. 13 అంకెల్ని ఎడమ నుంచి ఒకదాన్ని 1తో, తర్వాతదాన్ని 3తో, మళ్లీ 1తో, అలా మార్చి మార్చి హెచ్చించి అన్నీ కూడండి. మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. కాకపోతే నెంబరు తప్పు. 978-0-7387 తో మొదలైతే లెవెలిన్ సంస్థ పుస్తకం, అమెరికాలో విక్కా ఆచరణ పుస్తకాలు ఎక్కువగా వేసేది వాళ్లే. 978-81, 978-93 మన దేశపు నెంబర్లు. 979-8 తో మొదలైతే అమెరికాలో నమోదైనది, సొంతంగా వేసుకున్న పుస్తకాలు చాలావరకు ఈ వరసలోవే. అవన్నీ చెడ్డవని కాదు. కాకపోతే రచయిత పేరు మీద ఇంకేమైనా రాశారా, నెలకో పుస్తకం చొప్పున వస్తున్నాయా అని చూడండి. నెలకొకటి వస్తుంటే యంత్రం రాసిందని అనుమానించాలి.

లెక్క సరిపోయినంత మాత్రాన ప్రతి అసలైనదని కాదు, దొంగ ముద్రణలో నెంబరు కూడా యథాతథంగా ఉంటుంది. కాపీ చేసిన ప్రతుల్లో బొమ్మలు నల్లటి మచ్చల్లా ఉంటాయి, అంచుల దగ్గర అక్షరాలు తెగిపోతాయి, రెండుసార్లు తెరిస్తే జిగురు ఊడుతుంది. వలయాలు, యంత్రాల బొమ్మలున్న పేజీ ఫొటో పంపమని అమ్మేవాళ్లని ముందే అడగండి.

ఉచితంగా, చట్టబద్ధంగా ఏవి చదవచ్చు?

మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు గడిస్తే కాపీరైటు తీరిపోతుంది. లేలండ్ 1899లో వేసిన 'అరాడియా', మరే పుస్తకాలు, 1964లో పోయిన గార్డ్‌నర్ పుస్తకాలు మన చట్టం ప్రకారం ఇప్పుడు స్వేచ్ఛగా చదవచ్చు. థర్‌స్టన్, వైట్‌హెడ్ కూడా అంతే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. కన్నింగ్‌హామ్, ఆడ్లర్ పీడీఎఫ్‌లు ఎవరు పంపినా అవి దొంగ ప్రతులే.

వశీకరణం, శత్రుబాధ పోగొట్టే పుస్తకాల్లో ఏది పనిచేస్తుంది?

ఏదీ పనిచేయదు. ఇంకో మనిషి ఇష్టాన్ని వంచడం విక్కా నియమానికే విరుద్ధం. ఇలాంటి పుస్తకాల్లో చివరి పేజీలో ఫోన్ నెంబరు ఉంటుంది, దానికోసమే పుస్తకం. మొదట తాయెత్తు, తర్వాత పూజ, తర్వాత "దోషం పెద్దది" అంటూ నడుస్తుంది వ్యవహారం. మంత్రాల ద్వారా రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 చట్టం ప్రకారం నేరం.

ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని భయం.

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. చిల్లంగి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన దేశంలో ఆగలేదు. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో దీనికోసమే చట్టాలు చేయాల్సి వచ్చింది.

కాబట్టి కొన్ని పనులు చేయకండి. మూడు దారుల కూడలిలో, చెరువుగట్టున, వేరేవాళ్ల గుమ్మం దగ్గర నిమ్మకాయలు, కుంకుమ, కొవ్వొత్తులు వదలొద్దు, పుస్తకం ఏం చెప్పినా సరే. ఎవరి వెంట్రుకలు, ఫొటోలు, బట్టలు వాడొద్దు. బొమ్మకి సూదులు గుచ్చే అధ్యాయం ఉంటే ఆ పుస్తకం ఊళ్లో ఇంట్లో ఉంచొద్దు. పక్కింటి పిల్లాడికి జ్వరం వస్తే మీ అల్మారా వైపే చూస్తారు. మిగతా పుస్తకాల్ని ఇంట్లో దాచకండి, దాచింది దొరికితే అనుమానం రెట్టింపవుతుంది. హటన్ లాంటి చరిత్ర పుస్తకం పైన పెట్టి, ఇది ఇంగ్లండు మతం గురించి చదువుతున్నానని అమ్మకో అత్తయ్యకో ముందే చెప్పడం మేలు. బెదిరింపు దాకా వస్తే 112కి ఫోన్ చేయండి, పంచాయితీ దాకా ఆగొద్దు.

పదో తరగతి అమ్మాయి అడుగుతోంది. కొనివ్వచ్చా?

చరిత్ర అయితే ఇవ్వండి. ఆచరణ పుస్తకం అయితే ముందు మీరు చదవండి. కన్నింగ్‌హామ్‌తో ఇబ్బంది లేదు, ఫారర్ల పుస్తకంలో బట్టల్లేకుండా చేసే పూజలున్నాయి. పిల్లలు ఈ పుస్తకాలు అడగడం వెనక స్నేహితురాలితో గొడవో, పరీక్షల భయమో ఉందేమో కనుక్కోండి.

మన చెమ్మకి పుస్తకాలు బూజు పడుతున్నాయి.

విదేశీ పేపర్‌బ్యాకులు మెత్తటి కాగితం, శ్రావణ భాద్రపదాల్లో తేలిగ్గా చెమ్మ పీలుస్తాయి. గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, గాజు తలుపుల బీరువా వారానికి రెండుసార్లు తెరవండి. సిలికాజెల్ పొట్లాలు పెడితే వాటిని నెలనెలా ఆరబెట్టాలి, లేకపోతే అవే చెమ్మ వదులుతాయి. బూజు పట్టినదాన్ని ఎండలో నేరుగా పెట్టకండి, జిగురు కరిగి పేజీలు ఊడతాయి. నీడలో, ఫ్యాను కింద, పేజీలు విప్పి నిలబెట్టి ఆరనిచ్చి, తర్వాత పొడి గుడ్డతో ఆరుబయట తుడవండి. పక్కన సాంబ్రాణి పొగ వేస్తే వాసన పోతుంది గానీ బూజు పోదు.